మైక్‌ ఆఫ్‌ చేయొద్దు

రాత్రిపూట ఆటలో కలిసే దోస్తులతో అమ్మానాన్నల గురించి ఎప్పుడైనా మాట్లాడారా? ఉద్యోగాల వేటలో ఉన్నప్పుడే ఆ ముచ్చట మొదలుపెట్టడం మేలంటోంది నారాయణఖేడ్‌కు చెందిన ఓ గేమింగ్‌ స్క్వాడ్‌ అనుభవం.

రాత్రి పదకొండున్నర. మ్యాచ్‌ అయిపోయింది. ఆరో స్థానంతో బయటికొచ్చాం. లాబీలో నలుగురం ఉన్నాం. మామూలుగా ఆ టైమ్‌లో ఎవడి తప్పు వల్ల ఓడిపోయామో తేల్చే పంచాయితీ నడుస్తుంది. ఆ రోజు మాత్రం మా స్నైపర్‌ మెల్లగా అన్నాడు.

‘‘రేపు రాత్రి నేనుండ రా. పొద్దుగాల్నే ఊరికి పోవాలె. బాపుకు ఎడమ కన్ను మసకైందట. ఎన్నాళ్ల సంది అట్లున్నదో, చెప్తలేడు.’’

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. హెడ్‌సెట్‌లో ఒకరి గదిలోని ఫ్యాన్‌ చప్పుడు, ఇంకొకరి వీధిలో కుక్క అరుపు వినిపిస్తున్నాయి. తర్వాత ఇంకో గొంతు: ‘‘మా అమ్మ గోడ పట్టుకొని లేస్తున్నది. పత్తికి పోకే అంటే ఇంటలేదు.’’ మూడో గొంతు: ‘‘మా నాయిన పేర్లు మర్చిపోతున్నడు. నవ్వులాట అనుకున్నం గానీ...’’

ఆ రాత్రి ఇంకో మ్యాచ్‌ మొదలుపెట్టలేదు. ఒంటిగంట దాకా మైకులు ఆన్‌లోనే ఉన్నాయి. అప్పటికి ఎన్నో ఏళ్లుగా కలిసి ఆడుతున్నాం. ఎవడి దగ్గర ఏ తుపాకీ ఉంటుందో, ఎవడు ఎక్కడ దాక్కుంటాడో అందరికీ తెలుసు. ఒకరి ఇంట్లో ఒకరి తల్లిదండ్రులు ఎలా ఉన్నారో మాత్రం ఆ రాత్రే తెలిసింది.

మా నలుగురిదీ సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌. మా నోట్లో ఉత్త ‘ఖేడ్‌’. స్నైపర్‌ హైదరాబాద్‌ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఇంకొకడు పటాన్‌చెరులో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆటలోనూ అందరికీ మందులు పంచేది వాడే కాబట్టి మెడిక్‌ అంటాం. మూడోవాడు ఖేడ్‌లోనే సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఆటలో జీపు నడిపేది వాడు. అందుకే డ్రైవర్‌. నేను బీటెక్‌ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ పని చేసుకుంటూ టెక్నాలజీ మీద బ్లాగు రాస్తుంటాను.

మీకూ ఇలాంటి గుంపు ఒకటి ఉండే ఉంటుంది. బీజీఎంఐ కావచ్చు, ఫ్రీ ఫైర్‌ మ్యాక్స్‌ కావచ్చు, వాలరెంట్‌ కావచ్చు. ఈ వ్యాసం మీ గుంపు కోసమే.

కెరీర్‌ పేజీలో ఈ ముచ్చటెందుకు?

లెక్క చూడండి. మీకు ఇప్పుడు 21 ఏళ్లు. మీ నాన్నకు 50 అనుకుందాం. ఉద్యోగంలో మీరు పదేళ్లు నిలదొక్కుకునేసరికి ఆయన అరవైకి చేరతారు. మీ జీతం పెరిగే పదేళ్లూ, వాళ్ల ఒంట్లో సత్తువ తగ్గే పదేళ్లూ ఒకటే. ఏ ఊళ్లో ఉద్యోగం, ఏ షిఫ్టు, ఎన్ని సెలవులు అన్న మీ ప్రతి నిర్ణయంలోనూ వాళ్ల ఆరోగ్యం కనపడకుండా కూర్చునే ఉంటుంది. ఈ సంగతి మనకు సాధారణంగా ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకు, ఒక ఫోన్‌ కాల్‌తో తెలుస్తుంది.

ఇది మనొక్కరి ఇంటి కథ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు దాదాపు 10.4 కోట్లు. 2050 నాటికి ఆ సంఖ్య 34 కోట్లు దాటుతుందని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. అంటే దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు పెద్దవాళ్లే. వాళ్లను చూసుకోవాల్సిన తరం మనదే.

ఖేడ్‌ లాంటి చోట ఇది ఇంకాస్త ముందే మొదలవుతుంది. పత్తి, కంది, సోయా వేసే ఇళ్లలో రిటైర్మెంట్‌ అన్న మాట లేదు. నడుము సహకరించినన్నాళ్లూ చేలోనే. వయసు కూడా కాగితం మీద ఒకటి, ఒంట్లో ఒకటి. మా ఇళ్లలో చాలామంది పెద్దల ఆధార్‌ కార్డుల్లో పుట్టినరోజు జనవరి 1. అందరూ అదే రోజు పుట్టారని కాదు, ఎవరూ రాసి పెట్టలేదని అర్థం. పిల్లలేమో హైదరాబాద్‌ బస్సెక్కుతారు. అది వంద కిలోమీటర్లకు పైనే. ‘దగ్గరే కదా’ అనిపిస్తుంది. రాత్రి పదింటికి అమ్మ ఫోన్‌ చేసినప్పుడు మాత్రం చాలా దూరం.

ఆటలోనే ఎందుకు మాట్లాడగలిగాం?

మగపిల్లలం ఎదురెదురుగా కూర్చుని ‘మా నాన్న గురించి భయమేస్తోంది రా’ అని చెప్పుకోవడం అరుదు. చేతులు పనిలో ఉండి, కళ్లు ఇంకెటో చూస్తుంటే మాట సులువుగా వస్తుంది. పత్తి ఏరుతూ ఆడవాళ్లు కష్టసుఖాలు చెప్పుకోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. వేళ్లు కాయల మీద, మాటలు బతుకు మీద. మాకు ఆ పత్తి చేను ఈ గేమ్‌ లాబీ.

మా ఆటలు ఎన్ని మారాయో! 2018లో పబ్‌జీ మొబైల్‌ వచ్చినప్పుడు మొదలుపెట్టాం. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం దాన్ని ఇంకో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. కాల్‌ ఆఫ్‌ డ్యూటీకి మారాం. 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ వచ్చింది. మధ్యలో లూడో కూడా ఆడాం. ఆట మారినప్పుడల్లా ర్యాంకులు, డబ్బులు పోసి కొన్న డ్రెస్సులు పోయాయి. ఆ నాలుగు గొంతులు మాత్రం మిగిలాయి. ఇన్నేళ్లలో మేం నిజంగా సంపాదించుకున్నది అవేనని ఇప్పుడు అనిపిస్తుంది.

నార్వేలో మాట్స్‌ స్టీన్‌ అనే కుర్రాడు ఉండేవాడు. పుట్టుకతో వచ్చిన కండరాల క్షీణత జబ్బుతో చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. రోజులో ఎక్కువ భాగం ‘వరల్డ్‌ ఆఫ్‌ వార్‌క్రాఫ్ట్‌’ ఆటలో గడిపేవాడు. కొడుకు ఒంటరిగా, స్నేహితులు లేకుండా బతికాడని అమ్మానాన్న కుమిలిపోయారు. 2014లో పాతికేళ్ల వయసులో అతను చనిపోయాడు. తండ్రి అతని బ్లాగులోకి వెళ్లి ఆ కబురు రాశారు. అంతే, ఎక్కడెక్కడి నుంచో ఈమెయిళ్లు మొదలయ్యాయి. ఆటలో అతనితో తిరిగినవాళ్లు, బాధలో ఉన్నప్పుడు అతనితో మాట్లాడి తేరుకున్నవాళ్లు రాసినవి. తన కొడుకుతో మాట కలవక తల్లడిల్లుతున్న ఓ తల్లికి, అదే ఆటలో కొడుక్కి దగ్గరవ్వమని సలహా ఇచ్చింది కూడా అతనే. కొందరు అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి వచ్చారు. ఈ కథతో తీసిన డాక్యుమెంటరీ 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

అది చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. కొడుక్కి అంతమంది ఉన్నారన్న సంగతి ఆ తల్లిదండ్రులకు అతను పోయాకే పూర్తిగా తెలిసింది. మన ఇళ్లలోనూ అంతే కదా. మన దోస్తులెవరో అమ్మానాన్నకు తెలియదు. అమ్మానాన్నకు ఒంట్లో ఏముందో మనకు తెలియదు. గోడకు ఇటు వాళ్లు, అటు మనం. మధ్యలో తలుపు వేసి ఉంటుంది.

మూడు మిస్డ్‌ కాల్స్‌

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పైన చెప్పిన రాత్రి గడిచిన కొన్ని నెలలకు నా ఉద్యోగం పోయింది. కొత్తదాని కోసం ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. ఒకరోజు రాత్రి, తెల్లారితే ఇంటర్వ్యూ అనగా, తల తేలికవుతుందని ఆటకు కూర్చున్నాను. మ్యాచ్‌ చివరి దశ. అమ్మ ఫోన్‌ చేసింది. ఫోన్‌లో గేమ్‌ మోడ్‌ ఆన్‌లో ఉంది కాబట్టి రింగ్‌ రాలేదు, మూలన చిన్న గుర్తు కనిపించింది. చూశాను. చూసి కూడా వదిలేశాను. అయిపోయాక చూస్తే మూడు మిస్డ్‌ కాల్స్‌. ‘ఈపాటికి పడుకుని ఉంటుంది’ అనుకున్నాను. పొద్దున ఇంటర్వ్యూ హడావిడిలో మర్చిపోయాను.

మధ్యాహ్నం డ్రైవర్‌ ఫోన్‌ చేశాడు. ‘‘ఇంటర్వ్యూ అయిపోయిందా? అయితే చెప్త. మీ బాపును పొద్దుగాల దవాఖానల చూపించిన. కాలి చిటికెన వేలు నల్లబడ్డది. షుగర్‌ పుండు.’’

నేను ఎత్తకపోయేసరికి అమ్మ వాడికి చేసిందట. ‘‘వానికి ఇంటర్వ్యూ ఉన్నది బిడ్డా, చెప్పకు’’ అని కూడా అందట. నాన్న ఆ పుండును అప్పటికే నెల రోజులుగా దాచిపెట్టారు. మేకు గుచ్చుకుందని తెలియనే లేదట. షుగర్‌ ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. చివరికి ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఇంకో వారం ఆగితే పాదం మీదికి వచ్చేదని డాక్టర్‌ అన్నారు.

నేను ఆ కాల్‌ ఎత్తి ఉంటే వేలు మిగిలేదా? బహుశా లేదు. కానీ ఆ రాత్రి అమ్మ ఒక్కతే కూర్చుని ఉండేది కాదు.

కాబట్టి ముందు ఈ పని చేయండి. మీ ఫోన్‌లో డు నాట్‌ డిస్టర్బ్‌ సెట్టింగ్స్‌ తెరిచి, అమ్మానాన్నల నంబర్లను స్టార్‌ గుర్తు పెట్టిన కాంటాక్టుల్లో చేర్చండి. స్టార్‌ కాంటాక్టుల కాల్స్‌ను అనుమతించే ఆప్షన్‌ ఆన్‌ చేయండి. ఆండ్రాయిడ్‌లో ‘రిపీట్‌ కాలర్స్‌’ అని ఇంకోటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పావుగంటలోపు అదే నంబరు నుంచి రెండోసారి కాల్‌ వస్తే మోగుతుంది. కొన్ని ఫోన్లలో గేమ్‌ మోడ్‌కు వేరే సెట్టింగ్‌ ఉంటుంది, అందులోనూ కాల్స్‌ ఆపేయకుండా చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఆ తర్వాత మా స్క్వాడ్‌లో ఒక రూల్‌ వచ్చింది. ఇంటి నుంచి కాల్‌ వస్తే మ్యాచ్‌ ఎక్కడున్నా వదిలేసి ఎత్తాలి. మిగతా ముగ్గురూ ఒక్క మాట అనకూడదు. ఆన్‌లైన్‌ ఆటకు పాజ్‌ బటన్‌ ఉండదు. ర్యాంక్‌ పోతే పోనీ, వచ్చే వారం మళ్లీ తెచ్చుకోవచ్చు.

ఊళ్లో ఉండిపోయినవాడి కోపం

అన్నీ బాగానే సర్దుకున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. నాన్న సంగతి తర్వాత మాకు ఒక అలవాటైంది. ఊళ్లో ఏం అవసరమొచ్చినా డ్రైవర్‌కు ఫోన్‌. మా నాన్న కట్టు మార్పించాలన్నా వాడే. మెడిక్‌ వాళ్ల అమ్మను మోకాళ్ల డాక్టర్‌ దగ్గరికి బీదర్‌ తీసుకెళ్లాలన్నా వాడే. ఆటలో జీపు, బయట బైకు.

ఒకరోజు లాబీలో స్నైపర్‌ మామూలుగానే ‘‘మా బాపు కంటి చుక్కలు అయిపోయినయట, జెర తెచ్చియ్‌ రా’’ అన్నాడు. వాడు పేలాడు.

‘‘మీ అందరి అమ్మానాన్నలను నేనొక్కన్నే చూడాల్నా? మీరు పట్నంల జీతాలు, చదువులు చూస్కోండ్రి. నేను దుకాణం బంద్‌ వెట్టి తిరుగుత. నా అమ్మానాయిన ఎట్లున్నరని ఒక్కడన్న అడిగిండా?’’

నిజంగానే ఎవరమూ అడగలేదు. పేర్లు మర్చిపోతున్నది వాళ్ల నాన్నే. మొదటి రాత్రి చెప్పాడు. మేం విన్నాం. అంతటితో వదిలేశాం. వాడు లాగౌట్‌ అయ్యాడు. నెల రోజులు ఆటకు రాలేదు. ముగ్గురం ఆడబోయాం, కుదరలేదు.

ఇది మీకు ముఖ్యం. ఎందుకంటే మీ బ్యాచ్‌లోనూ కొందరు ఊళ్లో ఉండిపోతారు. కొందరికి ఉద్యోగం రాక, కొందరు అమ్మానాన్నల కోసమే. బయటికి వెళ్లినవాళ్లం వాళ్లను వెనకబడినవాళ్లుగా చూస్తాం. అవసరమొచ్చినప్పుడు మాత్రం మొదటి ఫోన్‌ వాళ్లకే. ‘సాయం’ అనే మాటతో వాళ్ల పనిదినం, పెట్రోలు, నిద్ర అన్నీ తీసేసుకుంటాం. వాళ్ల భుజం మీదే మన కెరీర్‌ నిలబడి ఉందని ఒప్పుకోం.

ముగ్గురం ఒక ఆదివారం బస్సెక్కి ఖేడ్‌ వెళ్లాం. ముందు వాడి ఇంటికే వెళ్లాం. వాళ్ల నాన్న నన్ను స్నైపర్‌ పేరుతో పిలిచారు. ఎవరమూ దిద్దలేదు. వాళ్లమ్మ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. తిన్నాక దుకాణం ముందు అరుగు మీద కూర్చుని సారీ చెప్పాం. ఆటలో కాదు, ఎదురుగా. అది మాకు కొత్త.

మేం ఏం మార్చుకున్నాం?

ఫోన్‌లో నలుగురికీ కనిపించే ఒక షీట్‌ పెట్టుకున్నాం. ఎనిమిది మంది పెద్దల పేర్లు, వాళ్లకున్న జబ్బులు, వాడే మందులు, ఏ మందు పడదో, బ్లడ్‌ గ్రూపు, ఆఖరిసారి పరీక్ష ఎప్పుడు చేయించామో, మళ్లీ ఎప్పుడు చేయించాలో రాసుకున్నాం. డాక్టర్‌ చీటీలన్నీ ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో వేశాం. షుగర్‌ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష, రోజూ పాదాలు చూసుకోవడం. ఇవి అందులో ఎర్ర రంగులో ఉంటాయి. బీపీ, షుగర్‌ మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. వాటి కోసం నెలనెలా వెళ్లాల్సిన రోజు కూడా రాసి పెట్టాం.

పట్నంలో ఉన్న ముగ్గురం వంతులు వేసుకున్నాం. నెలలో ఒక్కో ఆదివారం ఒక్కొక్కరం ఖేడ్‌ వెళ్తాం. వెళ్లినవాడు నాలుగిళ్లూ తిరగాలి. డ్రైవర్‌ ఎవరినైనా దవాఖానకు తీసుకెళ్తే ఆ రోజు దుకాణం నష్టం, పెట్రోలు ఖర్చు మిగతావాళ్లం పంచుకుంటాం. మొదట వాడు వద్దన్నాడు. ‘‘దోస్తానాల పైసలేంది రా’’ అన్నాడు. దోస్తానా నిలవాలంటే లెక్క సరిగ్గా ఉండాలని ఒప్పించాం.

వాళ్ల నాన్నను జ్ఞాపకశక్తి పరీక్షల కోసం హైదరాబాద్‌లో నరాల డాక్టర్‌కు చూపించాం. మతిమరుపు జబ్బు మొదటి దశ అన్నారు. పూర్తిగా నయమయ్యేది కాదు. కానీ ఇప్పుడు వాడు తండ్రి మీద విసుక్కోవడం తగ్గింది. ‘అడిగిందే అడుగుతున్నడని కోప్పడేటోన్ని. జబ్బని తెల్వదు కదా’ అంటాడు.

ఆటలో దోస్తు దెబ్బ తిని నేల మీద పడితే, లేపడానికి మీరు దగ్గరికి వెళ్లి పక్కనే ఆగాలి. ఆ కాసేపు తుపాకీ పేల్చలేరు, పరిగెత్తలేరు. అమ్మానాన్నల విషయంలో చాలాసార్లు చేయగలిగేది అంతే. అంత చేయడానికీ మనిషి దగ్గర ఉండాలి.

ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చినప్పుడు

ఇంటర్వ్యూలో ‘నాకు వయసు మళ్లిన తల్లిదండ్రులు ఉన్నారు’ అని చెప్పాల్సిన పనిలేదు. కానీ ఆఫర్‌ వచ్చాక, సంతకానికి ముందు హెచ్‌ఆర్‌ను ఈ ప్రశ్నలు అడగడంలో తప్పులేదు.

కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉంటారా? ఉంటే ప్రీమియం ఎవరు కడతారు? ముందు నుంచే ఉన్న షుగర్‌, బీపీలకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా? కొన్ని కంపెనీల్లో చేరిన కొద్ది రోజుల్లోపే తల్లిదండ్రుల పేర్లు చేర్చాలి. ఆ గడువు దాటితే ఏడాది ఆగాలి. జీతం ప్యాకేజీ చూసే సంతోషంలో చాలామంది ఈ మెయిల్‌ను తెరవను కూడా తెరవరు.

జీతం నెలకు రూ.21 వేల లోపైతే మీకు ఈఎస్‌ఐ వర్తించవచ్చు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా ఈఎస్‌ఐలో వైద్యం ఉంటుంది. వాళ్ల ఆదాయానికి పరిమితి ఉంటుంది, కనుక్కోండి. మా మెడిక్‌ మొదటి ఉద్యోగంలో ఈ సంగతి తెలియక రెండేళ్లు వాళ్లమ్మకు సొంత డబ్బుతో చూపించాడు.

రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా రూ.5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్‌ వయ వందన కార్డులు 2024 అక్టోబరులో మొదలయ్యాయి. దీనికి ఆధార్‌లోని వయసే లెక్క. పైన చెప్పిన జనవరి 1 గుర్తుందా? అవ్వాతాతల ఆధార్‌లో సంవత్సరం సరిగ్గా ఉందో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు చూడండి. సొంతంగా పాలసీ తీసుకోవాలనుకుంటే, 2024 ఏప్రిల్‌ నుంచి 65 దాటినవారికీ కొత్త పాలసీకి అవకాశం ఉంది. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు. అంటే మొదటి జీతంతో తీసుకున్న పాలసీ, మూడేళ్ల తర్వాత అసలు పనికొస్తుంది. ఆలస్యం చేసేకొద్దీ నష్టం.

షిఫ్టు, బాండు, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి అన్నవీ అడగండి. రెండు ఆఫర్ల మధ్య తేడా నెలకు రెండు మూడు వేలే అయితే, ఇంటికి సులువుగా వెళ్లివచ్చేది, తల్లిదండ్రులకు బీమా ఇచ్చేది మంచి ఆఫర్‌ అని నా అనుభవం.

‘గేమ్స్‌ అంటే బెట్టింగేనా?’

అమ్మానాన్నలతో మాట కలవాలంటే మన వైపు నుంచీ కొంత తలుపు తీయాలి. నేను ఆడుతుంటే నాన్న మొహం చిట్లించేవారు. కారణం చాలా రోజులకు తెలిసింది. ఫోన్‌లో ఆటంటే ఆయనకు తెలిసింది పైసలు పెట్టి పోగొట్టుకునే ఆటలే. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్‌ ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. అది డబ్బు పందేల ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఈ తేడా ఇంట్లో చెప్పండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ లాంటి పెద్ద గేమ్‌ కంపెనీకి స్టూడియో ఉందనీ, ఆటలు తయారుచేయడం, పరీక్షించడం కూడా ఉద్యోగాలేననీ చెప్పండి. మీరే పందేల యాప్‌లో ఇరుక్కుని ఉంటే మాత్రం దాచకండి. పుండు దాచిన మా నాన్నకు ఏమైందో చదివారు కదా.

అమ్మకు నేను లూడో నేర్పాను. నేర్పానని అనుకున్నాను. చింతగింజలతో అష్టాచెమ్మా ఆడిన మనిషికి లూడో నేర్పేదేముంది? మూడో రోజే నన్ను ఓడించింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఒక ఆట. కాయలు జరుపుతూ ఆమె చెప్పే మాటల్లోనే నాన్న సరిగ్గా తింటున్నారో లేదో, ఆమెకు రాత్రి నిద్ర పట్టిందో లేదో తెలుస్తుంది. ‘ఎట్లున్నవే అమ్మా’ అని అడిగితే మాత్రం ఇప్పటికీ ‘నాకేంది, మంచిగనే ఉన్న’ అనే జవాబు.

పోయిన దసరాకు ఊళ్లో ఉన్నాను. రాత్రి ఇంట్లోంచే ఆడుతుంటే నాన్న వచ్చి మంచం మీద కూర్చున్నారు. ‘‘దాంట్ల నుంచి మాట్లాడేది ఎవరు?’’ అన్నారు. చెప్పాను. ఫోన్‌ ఆయన వైపు తిప్పాను. ఏం మాట్లాడాలో తోచక ఒక్క క్షణం ఆగి, మైక్‌కు బాగా దగ్గరగా వంగి, గట్టిగా అడిగారు. ‘‘తిన్నరా బిడ్డా అందరు?’’

మూడు గొంతులూ ఒకేసారి ‘‘తిన్నం బాపూ’’ అన్నాయి. ఆ మ్యాచ్‌లో మేం మొదటే చచ్చిపోయాం. పంచాయితీ ఎవరూ పెట్టలేదు.

ఈ రాత్రి మీ మ్యాచ్‌ అయ్యాక వెంటనే లాగౌట్‌ అవ్వకండి. ‘మీ ఇంట్లో ఎట్లున్నరు రా?’ అని అడగండి. ఊళ్లో ఉన్నవాడిని ముందు అడగండి.

ఫోన్‌లో సేవ్‌ చేసుకోండి

108: అంబులెన్స్‌. మూతి వంకర పోవడం, ఒకవైపు చేయి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం లక్షణాలు. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ‘తెల్లారి చూద్దాం’ అనుకోవద్దు.

14567: పెద్దల కోసం ఎల్డర్‌లైన్‌. పింఛన్లు, చట్టపరమైన సలహాలు, వేధింపులపై సాయం.

14416: టెలి మానస్‌. మానసిక ఒత్తిడికి ఉచిత సలహా. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అమ్మానాన్నల బెంగతో మీకు నిద్ర పట్టకపోయినా ఈ నంబరు మీదే.

1930: ఆన్‌లైన్‌ ఆర్థిక మోసాలు. ‘డిజిటల్‌ అరెస్ట్‌’ అనేది చట్టంలో ఎక్కడా లేదని, అలాంటి వీడియో కాల్‌ వస్తే కట్‌ చేసి మీకు చెప్పమని ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.